సంతకం చేసిన ఆటగాడు మళ్లీ కళాశాలకు

అమెరికాలో ఏటా జూలైలో 30 మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు, ఉన్నత పాఠశాలల్లోనూ కళాశాలల్లోనూ ఆడుతున్న యువకులలో 600 మందికి పైగా వంతులవారీగా ఎంచుకుంటాయి. డ్రాఫ్ట్ అని పిలిచే ఈ ఎంపికలో పేరు వచ్చినవారిలో ఎక్కువమంది ఒప్పందం మీద సంతకం చేసి, మేజర్ లీగ్‌కు కింది మెట్లుగా ఉండే మైనర్ లీగ్ జట్లలో చేరతారు. వారిలో చివరి మెట్టు ఎక్కగలిగేది కొద్దిమందే కాగా, మిగిలినవారిలో చాలామందికి ఆ వృత్తి రెండు మూడేళ్లలోనే ముగిసిపోతుంది. ఉన్నత పాఠశాల నుంచి నేరుగా వచ్చినవారి వయస్సు అప్పటికి ఇరవై దాటి ఒకటి రెండేళ్లే అయి ఉంటుంది. ఆ వయస్సులో కళాశాలలో చేరి చదువుకోవడానికి ఏ అడ్డూ లేదు గాని, అదే కళాశాల బేస్‌బాల్ జట్టులో ఆడటానికి మాత్రం, దేశంలోని పెద్ద విశ్వవిద్యాలయాలు సభ్యులుగా ఉన్న జాతీయ కళాశాల క్రీడా సంఘం, అంటే ఎన్‌సీఏఏ, తన నియమావళిలో చోటు ఉంచలేదు. ఒక ఆటలో వృత్తి జట్టుతో ఒప్పందం మీద సంతకం చేసినవాడు, ఆ ఒప్పందం చట్టం ముందు నిలిచినా నిలవకపోయినా, ఆ ఆటలో ఔత్సాహికుడు, అంటే జీతం కోసం కాక ఆట కోసం ఆడేవాడు, కాకుండా పోతాడన్నది ఆ సంఘం దీర్ఘకాలంగా పాటిస్తూ వచ్చిన సూత్రం.

భారతీయ పాఠకులకు ఈ కట్టుబాటు వింతగా తోచడం సహజం. మన దగ్గర రంజీ ట్రోఫీలో రాష్ట్ర జట్టుకు ఆడి పారితోషికం తీసుకున్న విద్యార్థి, తిరిగి వచ్చి అంతర విశ్వవిద్యాలయ పోటీలలో తన విశ్వవిద్యాలయం తరఫున బరిలోకి దిగితే ఎవరూ తప్పు పట్టరు. విజయనగరం మహారాజకుమార్ పేరిట సాగే విజ్జీ ట్రోఫీలో అటువంటివారు ఆడటం ఆ పోటీకి గౌరవంగానే భావిస్తారు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ కళాశాల క్రీడ టికెట్లతో, టెలివిజన్ హక్కులతో నడిచే ఒక పెద్ద వ్యవస్థ కావడం వల్ల, దానికీ వృత్తి క్రీడకూ మధ్య ఒక గీత ఉండాలనీ, ఆ గీత చెరిగితే తమ ఆటగాళ్లను విద్యార్థులని పిలవడానికి ఆధారమే పోతుందనీ విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా వాదించాయి. బేస్‌బాల్ విషయంలో ఆ గీత సంతకం దగ్గర పడింది.

ఇక్కడ ఎంపిక కావడం వేరు, సంతకం చేయడం వేరు అన్న సంగతి గుర్తుంచుకోవాలి. డ్రాఫ్ట్‌లో ఒక జట్టు తన పేరు పిలిచినంత మాత్రాన విద్యార్థి ఏమీ కోల్పోడు. ఉన్నత పాఠశాల ముగించినవాడు ఆ పిలుపును కాదని నాలుగేళ్ల కళాశాలలో చేరవచ్చు. అలా చేరినవాడిని మూడో సంవత్సరం పూర్తయ్యేవరకు, లేదా 21 ఏళ్లు నిండేవరకు జట్లు మళ్లీ ఎంచుకోవడానికి వీల్లేదు. ఆ తరువాత ఎంపికైనా, జట్టు ఇస్తానన్న మొత్తం నచ్చకపోతే నాలుగో సంవత్సరం ఆడటానికి కళాశాలకు తిరిగి రావచ్చు. అందుచేత ఒక అమెరికన్ బేస్‌బాల్ కుటుంబంలో పద్దెనిమిదో ఏట ఒకసారి, ఇరవై ఒకటో ఏట మరొకసారి, రెండు మూడు వారాల గడువులో తేల్చుకోవలసిన నిర్ణయాలు ఎదురవుతాయి, వాటిలో సంతకం వైపు వేసిన అడుగును వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం.

ఈ తేడాను చక్కగా చూపే ఉదాహరణ కుమార్ రాకర్ జీవితంలో ఉంది. తల్లి లలిత వైపు నుంచి భారత మూలాలున్న ఈ పిచర్‌ను, అంటే క్రికెట్‌లో బౌలర్ వంటి పాత్రలో బంతి విసిరే ఆటగాడిని, 2018లో ఉన్నత పాఠశాల నుంచే కొలరాడో రాకీస్ జట్టు 38వ రౌండులో ఎంచుకుంది. ఆయన సంతకం చేయకుండా టెన్నెసీలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరి, 2019 జూన్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయం మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్, అంటే బంతిని కొట్టనివ్వకుండా ఔట్, చేసి, ఆ ఏటి కళాశాల ప్రపంచ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ ఆయనను పదో ఆటగాడిగా ఎంచుకుని, వైద్య పరీక్షల తరువాత చేతి విషయంలో సందేహపడి ఒప్పందం ఇవ్వకుండా గడువు దాటనిచ్చింది. సంతకం జరగలేదు కనుక నియమం ప్రకారం కళాశాల తలుపు అప్పటికీ తెరిచే ఉన్నా, రాకర్ అటు వెళ్లకుండా, మేజర్ లీగ్ జట్లతో సంబంధం లేకుండా నడిచే ఫ్రాంటియర్ లీగ్‌లో ట్రైసిటీ వ్యాలీక్యాట్స్ తరఫున 2022లో కొద్ది ఆటలు ఆడాడు. మేజర్ లీగ్ జట్లకు అనుబంధం కాకపోయినా అది జీతమిచ్చే వృత్తి లీగే కనుక ఆ అడుగుతో కళాశాల దారి మూసుకుపోయింది. ఆ జూలైలో టెక్సాస్ రేంజర్స్ మూడో ఆటగాడిగా ఎంచుకోవడం, 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో తొలి ఆట ఆడటం వల్ల ఆయన లెక్క కుదిరింది. అలా కుదరనివారి గురించి ఈ వ్యాసం.

మైనర్ లీగ్ అనేది ఒక లీగ్ కాదు, అంతస్తుల వరుస. అడుగున ఫ్లోరిడా, అరిజోనాలలోని శిక్షణ మైదానాల్లో దాదాపు ప్రేక్షకులు లేకుండా ఆడే కాంప్లెక్స్ లీగ్ ఉంటుంది. దాని మీద లో ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అనే నాలుగు స్థాయులు ఉంటాయి. 2021లో ఈ వ్యవస్థను కుదించినప్పుడు అనుబంధ జట్ల సంఖ్య 160 నుంచి 120కి తగ్గింది. ఒకప్పుడు 40 రౌండ్లు సాగిన డ్రాఫ్ట్ 20 రౌండ్లకు దిగింది. చోట్లు తగ్గడంతో, నిలదొక్కుకోవడానికి ఆటగాడికి ఇచ్చే సమయమూ తగ్గింది. జీతాల సంగతికి వస్తే, మేజర్ లీగ్ ఆటగాళ్ల సంఘం మైనర్ లీగ్ ఆటగాళ్లను తనలో చేర్చుకుని 2023లో మొదటి సమష్టి ఒప్పందం కుదుర్చుకునేవరకు, లో ఏ, హై ఏ స్థాయుల ఆటగాడికి ఏడాదికి 11,000 డాలర్ల వరకు, కాంప్లెక్స్ లీగ్ ఆటగాడికి 4,800 డాలర్లు మాత్రమే కనీస జీతంగా దక్కేవి. ఒప్పందం తరువాత కాంప్లెక్స్ లీగ్‌లో అది 19,800కు, లో ఏలో 26,200కు, ట్రిపుల్ ఏలో 35,800 డాలర్లకు పెరిగింది. తొలి రౌండ్లలో ఎంపికై లక్షల డాలర్ల సంతకపు బోనస్ తీసుకున్నవారికి ఈ జీతం లెక్కలోనిది కాదు గాని, చివరి రౌండ్లలో చిన్న మొత్తానికి సంతకం చేసినవారి బతుకు దీని మీదే నడిచేది.

అలాంటి ఆటగాడి వృత్తి చాలాసార్లు మార్చి నెలాఖరున, వసంతకాల శిక్షణ చివరి రోజుల్లో ముగుస్తుంది. ఉదయం మైదానానికి వచ్చి దుస్తులు మార్చుకోబోతున్నవాడిని ఒక కోచ్ పక్కకు పిలిచి ఆఫీసు గదిలోకి పొమ్మంటాడు. బల్లకు అటువైపు కూర్చున్న అధికారి, జట్టులో ఇక చోటు లేదని రెండు మూడు మాటల్లో చెప్పి, విడుదల కాగితం ముందుకు జరుపుతాడు. గ్లవ్, బూట్లు సంచిలో సర్దుకుని, జట్టు ఇచ్చిన విమానం టికెట్టుతో ఆటగాడు సాయంత్రానికి ఇంటికి చేరతాడు. ఆరేళ్ల వయస్సు నుంచి ఒకే పని చేస్తూ వచ్చినవాడికి ఆ మరునాడు చేయడానికి ఏమీ ఉండదు. శరీరంలో ఆట ఇంకా ఉంది, చదువు మొదలే కాలేదు, పాత స్నేహితులందరూ కళాశాల మూడో ఏట ఉన్నారు. కళాశాల బేస్‌బాల్ అతనికి గుర్తుకు వచ్చేది సరిగ్గా అప్పుడే.

నియమావళి అతనికి ఒప్పుకునే మొదటి దారి మరో ఆట. ఒక క్రీడలో వృత్తి ఆటగాడైనవాడు ఇంకొక క్రీడలో ఔత్సాహికుడిగా కొనసాగవచ్చునని ఎన్‌సీఏఏ 1974లో తీర్మానించింది. ఆ తీర్మానం ఫలితాన్ని దేశమంతా చూసింది క్రిస్ వైన్కీ విషయంలో. మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌కు చెందిన వైన్కీని 1990లో టొరంటో బ్లూ జేస్ రెండో రౌండులో ఎంచుకోగా, ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడటానికి కుదిరిన ఏర్పాటును వదిలి ఆయన బేస్‌బాల్ వైపు వెళ్లాడు. ఆరు సీజన్లు మైనర్ లీగ్‌లో ఆడి ట్రిపుల్ ఏ దాకా ఎక్కినా, ఫస్ట్ బేస్ స్థానంలో పైన ఖాళీ దొరకలేదు. తిరిగి వస్తే చోటు ఇస్తానని అప్పట్లో మాట ఇచ్చిన ఫుట్‌బాల్ కోచ్ బాబీ బౌడెన్, 1997లో ఆ మాట నిలబెట్టుకున్నాడు. మొదటి ఏటి విద్యార్థిగా చేరిన వైన్కీ 1999 సీజన్‌లో జట్టును జాతీయ విజేతగా నిలిపి, 2000లో కళాశాల ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైజ్‌మన్ ట్రోఫీని 28 ఏళ్ల వయస్సులో అందుకున్నాడు. అంత పెద్ద వయస్సులో దాన్ని గెలిచినవారు మరొకరు లేరు.

బ్రాండన్ వీడెన్ కథ దీనికి తమ్ముడి వరస. 2002లో న్యూయార్క్ యాంకీస్ రెండో రౌండులో ఎంచుకున్న ఈ పిచర్ మూడు జట్ల మైనర్ లీగ్ శిబిరాలు తిరిగి, భుజం సహకరించక 2006తో ఆట చాలించి, ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా నిలబడ్డాడు. 2011లో ఆయన నడిపిన జట్టు 12 ఆటలు గెలిచి ఒక్కటే ఓడింది. మరుసటి ఏడు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఆయనను వృత్తి ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మొదటి రౌండులో తీసుకుంది. అందరికీ ఇలా కలిసిరాదు. 2009 డ్రాఫ్ట్‌లో మూడో ఆటగాడిగా ఎంపికై శాన్ డియాగో పాడ్రెస్ నుంచి 62.5 లక్షల డాలర్ల బోనస్ తీసుకున్న డోనవాన్ టేట్, గాయాలతో పైకి రాలేక, 2017లో అరిజోనా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో చేరినా అక్కడ పేరు తెచ్చుకోలేకపోయాడు.

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే నియమంలోని వైరుధ్యం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆరేళ్ల వృత్తి క్రీడానుభవంతో, ఎదిగిన శరీరంతో ఉన్న ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, ఒంటికి ఒళ్లు తగిలి పడిపోయే ఫుట్‌బాల్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య ఆడటం ఆ నియమానికి సమ్మతమే. కాంప్లెక్స్ లీగ్‌లో ఒక వేసవి పది ఇన్నింగ్స్ బంతి విసిరి, మోచేయి నొప్పితో ఇంటికి వచ్చిన పందొమ్మిదేళ్ల కుర్రవాడు మాత్రం తన ఊరి కళాశాల తరఫున ఒక్క బంతీ విసరకూడదు. అనుభవం వల్ల అన్యాయమైన మేలు కలుగుతుందన్న భయమే నియమానికి మూలమైతే, ఆ భయం ఎక్కువగా వర్తించవలసిన చోట అది వర్తించలేదు. ఇది సంతకాన్ని శిక్షించే నియమమే తప్ప, అనుభవాన్ని కొలిచే నియమం కాదు.

బేస్‌బాల్‌నే ఆడాలని పట్టుబట్టినవారికి ఒక సన్నని దారి, ఎన్‌సీఏఏతో సంబంధం లేని మరో సంఘంలో ఉంది. చిన్న కళాశాలలు ఎక్కువగా సభ్యులుగా ఉండి, కాన్సస్ సిటీ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఏఐఏ అనే సంఘం, వృత్తి క్రీడను విడిచిపెట్టినవారు తిరిగి ఔత్సాహిక హోదా కోసం దరఖాస్తు చేసుకోవడానికి వీలు కల్పిస్తుంది. ఐడహో రాష్ట్రంలోని లూయిస్టన్ పట్టణంలో జరిగే ఆ సంఘం ప్రపంచ సిరీస్‌కు టెలివిజన్ ప్రేక్షకులు లక్షల్లో ఉండరు, కాని మైదానం కొలతలు అవే, బంతి అదే.

ఇంతకంటె ఎక్కువమందికి పనికివచ్చేదీ, ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడు కుటుంబాలు తక్కువగా పట్టించుకునేదీ చదువుకు సంబంధించిన షరతు. మొదటిసారి సంతకం చేసే ఆటగాడు, తన వృత్తి ముగిశాక కళాశాల చదువుకయ్యే ఖర్చును జట్టు భరించాలని ఒప్పందంలో రాయించుకోవచ్చు. బేస్‌బాల్‌లో దీన్ని కళాశాల స్కాలర్‌షిప్ పథకం అంటారు. ఉన్నత పాఠశాల నుంచి నేరుగా వచ్చినవాడికి నాలుగేళ్ల చదువు మిగిలి ఉంటుంది గనుక ఎనిమిది సెమిస్టర్లకూ, మూడో ఏడు పూర్తి చేసి వచ్చినవాడికి రెండు సెమిస్టర్లకూ, సెమిస్టర్‌కు ఇంత అని మొత్తం నిర్ణయమవుతుంది. బోనస్‌లా ఇది చేతికి వచ్చే డబ్బు కాదు. చదివితేనే దక్కుతుంది, చదవకపోతే దాని విలువ సున్నా. పైగా దీనికి గడువు ఉంది. వృత్తి బేస్‌బాల్ వదిలిన రెండేళ్లలోగా చదువు మొదలుపెట్టకపోతే హక్కు పోతుంది. విడుదలైనవాడు మరో జట్టు పిలుస్తుందేమోనని ఒక ఏడు ఎదురుచూసి, ఆ తరువాత బతుకుతెరువు కోసం ఏదో పనిలో కుదురుకుని, కళ్లు తెరిచేసరికి రెండో ఏడూ గడిచిపోయే ప్రమాదం ఈ షరతులో ఉంది. డల్లాస్, న్యూజెర్సీ వంటి చోట్ల పిల్లలను బేస్‌బాల్ శిబిరాలకు తీసుకువెళ్లే తెలుగు తల్లిదండ్రులు, ఎప్పుడైనా ఒక జట్టు ప్రతినిధి తమ ఇంటికి వచ్చే రోజు వస్తే, బోనస్ అంకె కంటె ముందు చదివి చూడవలసిన పేరా ఇదే.

ఆడుతూనే చదవడం అంత తేలిక కాదు. మైనర్ లీగ్ సీజన్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది, వసంతకాల శిక్షణ దానికి నెల ముందే మొదలవుతుంది. అమెరికన్ విశ్వవిద్యాలయాల ఒక సెమిస్టర్ జనవరి నుంచి మే వరకు, మరొకటి ఆగస్టు నుంచి డిసెంబరు వరకు నడుస్తాయి. అంటే రెండింటిలో ఏ సెమిస్టర్ తీసుకున్నా ఆట దాని మీదుగా పోతుంది. ఆన్‌లైన్ తరగతులు వచ్చాక ఈ ఇరకాటం కొంత సడలినా, రాత్రి ఆట ముగించి బస్సులో ఊళ్లు దాటుతూ రసాయనశాస్త్రం చదవగలిగేవారు తక్కువ. అందువల్ల ఎక్కువమందికి చదువు, ఆట ముగిసిన తరువాతి పనిగానే మిగులుతుంది.

చదువు కోసం తిరిగి వచ్చినవాడు మైదానానికి పూర్తిగా దూరం కానక్కరలేదు. ఆడే అర్హత ముగిసిన లేదా వదులుకున్న విద్యార్థిని విద్యార్థి సహాయ కోచ్‌గా తీసుకోవడానికి కళాశాలలకు వీలుంది. ఉదయం తరగతికి వెళ్లి, మధ్యాహ్నం తన కంటె రెండేళ్లు చిన్నవారికి బంతి విసురుతూ, బ్యాటింగ్ బోనులో వారి కాలి కదలికలు సరిదిద్దుతూ గడిపే ఈ పాత్రలో, మైనర్ లీగ్‌లో గడిపిన కొద్దికాలమే అతని పెట్టుబడి. కళాశాల బేస్‌బాల్‌లో అత్యధిక విజయాలు సాధించిన కోచ్ మైక్ మార్టిన్ సైతం మైనర్ లీగ్ నుంచి వెనుదిరిగినవాడే. ఫ్లోరిడా స్టేట్ తరఫున 1965 కళాశాల ప్రపంచ సిరీస్ ఆడి, మెట్స్, టైగర్స్ జట్ల మైనర్ లీగ్‌లలో కొన్నేళ్లు గడిపి పైకి చేరలేకపోయిన ఆయన, 1975లో అదే విశ్వవిద్యాలయానికి సహాయ కోచ్‌గా తిరిగి వచ్చాడు. 1980 నుంచి 2019 దాకా 40 సీజన్లు ప్రధాన కోచ్‌గా 2,029 విజయాలు సాధించాడు. ఆ నలభై ఏళ్లలో ఆయన జట్టు జాతీయ పోటీలకు అర్హత సంపాదించని ఏడు లేదు. 17 సార్లు కళాశాల ప్రపంచ సిరీస్‌కు చేరి ఒక్కసారీ కప్పు గెలవకపోయినా, టల్లహాసీలోని ఆ విశ్వవిద్యాలయం మైదానానికి ఆయన పేరే పెట్టారు.

కోచ్ ఉద్యోగాలలో కూడా ఇటీవలిదాకా ఒక అన్యాయం ఉండేది. ప్రతి జట్టులో ఒక కోచ్ జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేయాలన్న ఏర్పాటులో ఎక్కువగా ఇరుక్కున్నది, చేతిలో డబ్బు లేని ఈ మాజీ మైనర్ లీగ్ ఆటగాళ్ల వంటి యువకులే. 2023 జూలైలో ఆ స్వచ్ఛంద స్థానాన్ని రద్దు చేసి, జీతమిచ్చే స్థానంగా మార్చారు.

ఆటగాడి విషయంలో మాత్రం ఆధారాలు ఒక్కొక్కటే కూలుతున్నా నియమం నిలబడే ఉంది. 2021 జూలై నుంచి కళాశాల ఆటగాళ్లు తమ పేరు, రూపం వాడుకునే సంస్థల నుంచి డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒక రాజీతో ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి తన ఆటగాళ్లకు మొదటి ఏడు మొత్తం 2.05 కోట్ల డాలర్ల దాకా పంచే వీలు కలిగింది. అంతకుముందు 11.7 స్కాలర్‌షిప్పులనే జట్టంతటికీ ముక్కలుగా పంచవలసి వచ్చిన బేస్‌బాల్‌లో, ఈ రాజీకి ఒప్పుకున్న కళాశాలలు ఇప్పుడు 34 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఐస్ హాకీలో వృత్తి ఆటగాళ్లుగా లెక్కించి దశాబ్దాల పాటు దూరం పెట్టిన కెనడా జూనియర్ లీగ్ ఆటగాళ్లను 2025 ఆగస్టు నుంచి కళాశాల జట్లలోకి అనుమతించారు. బాస్కెట్‌బాల్‌లో యూరప్ వృత్తి జట్లలో ఆడివచ్చినవారు కళాశాలల తరఫున ఆడుతున్నారు. కళాశాల ఆటగాడు డబ్బు తీసుకోకూడదన్న సూత్రమే పోయాక, కాంప్లెక్స్ లీగ్‌లో కొద్ది వేల డాలర్లకు ఆడినవాడిని బయట నిలబెట్టడానికి మిగిలిన కారణం ఏమిటన్నది నేడు ఎవరైనా అడగవలసిన ప్రశ్న.

మార్పుకు ఎదురు చెప్పేవారి మాటల్లో పస లేకపోలేదు. వృత్తి జట్లు తమ యువ ఆటగాళ్లను కళాశాలల ఖర్చుతో శిక్షణకు పంపి, తిరిగి పిలిపించుకునే ఎత్తు వేయవచ్చు. ఇరవై నాలుగేళ్ల మాజీ వృత్తి ఆటగాళ్లు చేరితే 34 చోట్లలో పద్దెనిమిదేళ్లవారికి దక్కేవి తగ్గవచ్చు. అయితే ఈ రెండు భయాలకూ బేస్‌బాల్ ఒప్పందాల్లోనే ఒక హద్దు సిద్ధంగా ఉంది. తనంతట తాను ఆట మానుకున్న ఆటగాడి మీద జట్టుకు హక్కు పోదు. అతని పేరు జట్టు జాబితాలోనే ఉండి, మళ్లీ ఆడదలిస్తే ఆ జట్టుకే ఆడాలి. జట్టు విడుదల చేసినవాడి మీద మాత్రం ఎవరికీ హక్కు ఉండదు, అతనిని వెనక్కి పిలిపించుకునే ఎత్తుకు అక్కడ తావే లేదు. కనుక సడలింపు అంటూ వస్తే, మైనర్ లీగ్‌లో గడిపిన ప్రతి ఏడుకూ కళాశాలలో ఒక సీజన్ తగ్గించుకునే షరతుతో, అది ముందుగా వర్తించవలసింది ఆ విడుదల కాగితం అందుకున్న ఆటగాడికే.